పల్నాటి పరిశోధనల జాడ

పల్నాటి వీరులకథ వినగోరువానికి అనాదిగా నొక సులభమైన త్రోవ గలదు. కార్తికమాసాంతమున కారెంపూడికి బోయిన చాలును. నాగులేటి యొడ్డున వీరవిద్యావంతులు బ్రహ్మనాయని కథయు బాలచంద్రుని కథయు పాడుదురు. వినువానిని నీవెవ్వడవని యడుగువారు లేరు. అక్షరము రానివాడును వినవచ్చును.

కథ కాగితమెక్కిన పిమ్మట నీ సౌలభ్యము కొంత తగ్గినది. 1911లో అక్కిరాజు ఉమాకాంతముగారు శ్రీనాథుని దనబడు పల్నాటి వీరచరిత్రమును అచ్చొత్తించిరి. అచ్చుపుస్తకము అంగడిలోనైన దొరకును. విశ్వవిద్యాలయ పట్టములకై వ్రాసిన సిద్ధాంతవ్యాసముల గతి వేఱు. టైపుచేయించి నాలుగైదు ప్రతులు కుట్టింతురు; పరీక్షకులు చదువుదురు; పట్టము వచ్చును; ప్రతి బీరువాలో జేరును. అచ్చునకు నోచుకొన్నవి ధన్యములు. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున జీన్ రోఘేర్ అను పండితుడు అలిశెట్టి గాలెయ్య పాడిన వీరకథపై చేసిన కృషి 1982లో ఆక్స్‌ఫర్డున గ్రంథముగా వెలువడినది. గాలెయ్య పేరు దాని ముఖపత్రముననే నిలిచినది. అచ్చుకాని వ్యాసముల యనుబంధములలో నెందఱు గాయకుల పాటలు మిగిలిపోయినవో! పాడినవాని మనుమడు గురజాలనుండి వచ్చి యా బీరువా తాళము తీయింపగలడా?

2009లో విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘమువా రొక నియమము చేసిరి. పట్టమిచ్చిన ముప్పది దినములలో వ్యాసపు ఎలక్ట్రానిక్ ప్రతిని పంపవలెనని నాడు విధించిరి. గాంధీనగరమునందలి ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రము వానిని ‘శోధగంగ’ యను భాండారమున నుంచుచున్నది. చదువుటకు రుసుము లేదు. మాచెర్లలో బ్రహ్మనాయడు అన్ని కులములవారికి నొకే చాపపై కూడు పెట్టెనని కథ. విద్యలో నిదియు నొక చాపకూడే యని నా తలంపు.

ఐనను పంక్తి పూర్తి కాలేదు. నియమమునకు ముందటి వ్యాసములు, ఎవరైన పూనుకొని ఛాయాప్రతులు తీయించిననే గాని, అందు జేరవు. చేరినవియు కంటబడుట వేఱొక మాట. మన భాషలో సీమ పల్నాడు. ఆ సీమ వీరుడు పల్నాటివాడు. డకారము టకారమగుట మనకు సహజము, యంత్రమునకు గాదు. ఒక రూపముతో వెదకిన రెండవది దొరకకపోవచ్చును. ఇక ఇంగ్లీషు లిపిలో పల్నాడు, పలనాడు, దొరలనాటి పల్నాడ్ అని మూడు విధములు. పుటలు ఛాయాచిత్రములుగా మాత్రమే యున్నచో లోపలి మాట యొక్కటియు వెదకుటకు జిక్కదు. శీర్షికయు సూచికాపదములును మాత్రమే దిక్కు.

కావున సమర్పించువారు శీర్షికను తెలుగులిపిలోను వ్రాయవలెను. పల్నాడు, పల్నాటి యను రెండు రూపములను జేర్చవలెను. పాడిన గాయకుని పేరును, వాని యూరును సూచికాపదములలో నుంచవలెను. ఏండ్లతరబడి చేసిన పనికి చివర నీ వ్రాతకు బట్టుకాలము అరగంట.