జేబులో పెన్‌డ్రైవ్, కోర్టులో ఆవకాయ లెక్క

ఎపిసోడ్‌లో "పెన్‌డ్రైవ్ మన సింగపూర్‌లోనే పుట్టింది" అని నేను తొందరపడి అనేశాను. అంత సులువుగా తేలిన సంగతి కాదండీ అది. కోర్టులకెక్కిన కథ.

2000లో జర్మనీలోని హానోవర్‌లో జరిగిన సెబిట్ ప్రదర్శనలో, ట్రెక్ అనే సింగపూర్ కంపెనీ థంబ్‌డ్రైవ్‌ని బయటపెట్టింది. కేబుల్ అక్కర్లేదు, నేరుగా కంప్యూటర్‌కి గుచ్చితే చాలు. దాని మీద ఇక్కడ పేటెంట్ కూడా తెచ్చుకుంది. తర్వాత ఇజ్రాయెల్ కంపెనీ ఎం-సిస్టమ్స్, ఇక్కడి ఎఫ్‌ఈ గ్లోబల్ వగైరాలతో గొడవొచ్చింది. వాళ్ల వాదన ఒకటే: "ఇందులో కొత్తేముంది? పాత పత్రాల్లో ఉన్నదేగా!" ఆ పాత సంగతులనే ప్రయర్ ఆర్ట్ అంటారు.

నిజమే, ఫ్లాష్ మెమరీ 1980ల నాటిది. యూఎస్‌బీ 1996లో వచ్చింది. కానీ కొత్తదనం లేదనాలంటే అన్ని భాగాలూ ఒకే పాత పత్రంలో దొరకాలి. అక్కడో ముక్క, ఇక్కడో ముక్క ఏరి అతికిస్తే కుదరదు. "ఇది తెలిసినవాడికి తట్టేదేగా" అన్న ప్రశ్న వేరే.

పాత పత్రంలో పేరు లేకపోయినా ఒక్కోసారి చిక్కే. మామిడి ముక్కలు, ఆవపిండి, కారం, ఉప్పు, నూనె కలపమని రాసుందనుకోండి. "ఆవకాయ" అన్న మాట లేకపోతేనేం? అలా చేస్తే వచ్చేది ఆవకాయే, ఇంకోటి రాదు. "రావచ్చు" అంటే చాలదు, తప్పకుండా రావాలి.

2005లో హైకోర్టు ట్రెక్ పేటెంట్ చెల్లుతుందంది. అదే ఏడాది అప్పీల్ కోర్టూ ఆ తీర్పునే నిలబెట్టింది. బ్రిటన్‌లో మాత్రం ట్రెక్ పేటెంట్ ఒకటి రద్దయింది. పేటెంట్ ఏ దేశానికాదేశమే.

మనకెందుకంటారా? సైట్లోనో షిప్‌యార్డులోనో పని తేలిక చేసే ఉపాయం మీకు తట్టిందనుకోండి. వీడియో తీసి అందరికీ పెట్టకముందే తెలిసినవాళ్లని అడగండి. చాలా దేశాల్లో మీ వీడియోనే మీకు అడ్డొచ్చే ప్రయర్ ఆర్ట్ అవుతుంది. ఇంకోటి, డ్యూటీలో భాగంగా కనిపెట్టింది ఇక్కడి చట్టం ప్రకారం మామూలుగా కంపెనీదే.

నా మాటని ఇలా దిద్దుకోండి: పెన్‌డ్రైవ్ పేటెంట్ సింగపూర్‌లో నిలిచింది.