శిథిలాల కింద గుండె చప్పుడు

అన్నలూ, తమ్ముళ్లూ, ఈ వారం ఎపిసోడ్‌లో చెప్పింది ఇక్కడ రాసి పెడుతున్నా. డ్యూటీ హడావిడిలో వినలేకపోయినవాళ్లు బస్సులో చదువుకోవచ్చు.

2015 ఏప్రిల్ 25, శనివారం. అప్పుడు నేను దోహా సనయ్యాలో ఉన్నాను. పొద్దున పది కాకముందే మా సైట్‌లో నేపాలీలు ఒక్కొక్కరే పని ఆపి ఫోన్లు తీశారు. వాళ్ల దేశంలో 7.8 తీవ్రతతో భూకంపం. మా రూమ్‌లో నా పై మంచం ఒక నేపాలీ అన్నది. మేమంతా ఆయన్ని దాయ్ అనేవాళ్లం. ఆయనది సింధుపాల్‌చోక్ జిల్లా. అన్ని జిల్లాలకంటే ఎక్కువ మంది పోయింది అక్కడే. నాలుగు రోజులు ఇంటికి ఫోన్ కలవలేదు. లీవు అడిగితే కంపెనీవాళ్లు ఆగమన్నారు.

మే రెండో వారంలో ఒక రాత్రి దాయ్ ఫోన్‌లో ఒక వార్త చూపించాడు. వాళ్ల జిల్లా కేంద్రం చౌతారాలో, పది అడుగుల దాకా ఇటుకలు, మట్టి కింద ఇరుక్కున్న నలుగురిని గుండె చప్పుడును బట్టి పసిగట్టి బయటికి తీశారట. కనిపెట్టింది ఫైండర్ అనే సూట్‌కేసంత రాడార్ పెట్టె. అమెరికాలో నాసా వాళ్ల జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీ తయారుచేసింది. "భాయ్, మట్టి కింద గుండె ఎట్లా వినిపిస్తుంది?" అని అడిగాడు. అప్పుడు నా దగ్గర జవాబు లేదు.

నిజానికి అది వినడం కాదు. సల్వా రోడ్డు మీద డ్రైవర్లు భయపడే స్పీడ్ రాడార్ ఉంది కదా, అదే తంతు. రాడార్ ఒక తరంగాన్ని వదులుతుంది. కదిలే వస్తువుకు తగిలి తిరిగొచ్చే తరంగం కొంచెం మారి వస్తుంది. ఆ మార్పును బట్టి కదలిక తెలుస్తుంది. రోడ్డు మీద కదిలేది కారు. ఇక్కడ కదిలేది మనిషి ఛాతీ. ఊపిరి తీస్తే కొన్ని మిల్లీమీటర్లు లేస్తుంది. గుండె కొట్టుకుంటే కదిలేది మిల్లీమీటరు కూడా ఉండదు.

ఈ తరంగాల కథలో మొదటి ఘట్టం మన దేశంలోనే జరిగింది. 1895లో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ జనం ముందు ఇలాంటి తరంగాలను గోడ దాటించి అవతల గంట మోగించాడు, తుపాకిమందు పేల్చాడు. 5 మిల్లీమీటర్ల పొడవున్న తరంగాలను కూడా పుట్టించాడు. ఆయన గోడ దాటించాడు గానీ, గోడ వెనక మనిషి ఉన్నాడా అని చూడలేదు.

అది చూడటానికి ముప్పావు శతాబ్దం పట్టింది. 1971లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో కారో, బ్లాయిస్ అనే ఇద్దరు, ఒంటిని తాకకుండానే ఊపిరి ఆగడాన్ని రాడార్‌తో పట్టే పరికరం గురించి రాశారు. 1975లో జేమ్స్ లిన్ మైక్రోవేవ్‌తో ఊపిరి కొలిచి చూపించాడు. ఆ తర్వాత మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో కున్-ము చెన్ బృందం అసలు కష్టమైన పని మీద కూర్చుంది. మొదట 10 గిగాహెర్ట్జ్‌తో గోడ వెనక మనిషిని పట్టారు. కానీ శిథిలాల గుట్ట గోడలా కాదు. తడి మట్టి, కాంక్రీటు ఆ పొట్టి తరంగాలను మింగేస్తాయి. అందుకే 450, 1150 మెగాహెర్ట్జ్‌లకు దిగొచ్చారు. అంటే మన ఫోన్ తరంగాలకు దగ్గరి చుట్టాలు.

ఇంకో చిక్కు. గుట్టలోని ప్రతి ఇటుకా తరంగాన్ని వెనక్కి కొడుతుంది. ఆ రొద మధ్య గుండె కదలికను పట్టడమంటే పెళ్లి బ్యాండు పక్కన నిలబడి గుసగుస వినడమే. కదలనివాటి నుంచి వచ్చేదంతా తీసేసి, క్రమంగా కదిలేదాన్నే ఉంచుకోవాలి. జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీ వాళ్లకు ఈ విద్య కొత్త కాదు. గ్రహాల దగ్గర తిరిగే అంతరిక్ష నౌకల అతి చిన్న కదలికలను రేడియో తరంగాలతో పట్టడం వాళ్ల రోజువారీ పని. ఎలుకలాంటి జంతువు గుండెకూ మనిషి గుండెకూ తేడా కూడా ఫైండర్ చెప్పగలదు. కానీ పక్కన నిలబడ్డవాళ్ల ఊపిరి, గుండె కూడా తరంగాలకు తగులుతాయి. కాబట్టి వెతికేటప్పుడు అందరూ దూరం జరగాలి. కొడుకు కోసం మట్టి తవ్వుతున్న తల్లిని లెమ్మని చెప్పాలి. ఆ మాట చెప్పడం ఎంత కష్టమో ఏ పరిశోధన పత్రంలోనూ ఉండదు.

ఇప్పుడు గోరంత చిప్‌లొచ్చాయి. 2021లో గూగుల్ తెచ్చిన నెస్ట్ హబ్ మంచం పక్కన పెడితే, తాకకుండానే నిద్రలో మన ఊపిరిని గమనిస్తుంది. దాంట్లో రాడార్ 60 గిగాహెర్ట్జ్. ఆ తరంగం పొడవు 5 మిల్లీమీటర్లు. బోస్ కలకత్తాలో పుట్టించినంతే.

దాయ్ సంగతి చెప్పాలి. వాళ్లమ్మ ఆ పూట పొలంలో ఉంది కాబట్టి బతికింది. మేనమామ ఇంట్లో ఉన్నాడు. జూన్‌లో లీవు దొరికి దాయ్ బట్టలు సర్దుకుంటుంటే, ఆ పెట్టె గురించి చదివింది చెప్పాను. ఏప్రిల్ 29న, అంటే భూకంపమొచ్చిన నాలుగు రోజులకు తెచ్చారని, మొత్తం రెండే తెచ్చారని. దేశం మొత్తానికా అని అడిగాడు. అవునన్నాను. వాళ్ల మామను ఊరివాళ్లే మూడో రోజు పారలతో తవ్వి తీశారట.