గేరు రాడ్డు లొడలొడ: ఇటలీ పాత కార్లలో ఒక చప్పుడు చరిత్ర

మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి ఇటలీ కారు అంటే ఫియట్. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్ళు ఫియట్ 1100ను తయారు చేశారు. 1970లలో దానికే ప్రీమియర్ పద్మిని అని పేరొచ్చింది. గేరు రాడ్డు నేల మీద కాదు, స్టీరింగ్ పక్కన ఉండేది. ఆ కారెక్కి బెంగుళూరు నుంచి తిరుపతికి పోయొచ్చిన కబుర్లు మన బంధువుల్లో ఇంకా వినిపిస్తాయి. బుష్షులు అరిగాక ఆ రాడ్డు చేసే చప్పుడు కూడా ఆ కబుర్లలో ఉంటుంది.

ఆ చప్పుడుకి మా ఇంట్లో మాట ‘లొడలొడ’. మేము బడిలో చదివింది కన్నడ మీడియం. కన్నడంలోనూ చప్పుళ్ళ మాటలకి కొదువ లేదు గానీ, యంత్రం దగ్గర నిలబడితే ఇంటి తెలుగే ముందు నోటికొస్తుంది. వదులైన కీలు లొడలొడమంటుంది, పాడైన బేరింగు గరగరమంటుంది, పళ్ళు సరిగ్గా కలవని గేరు కర్రుమంటుంది. ఈ మూడూ వేర్వేరు రోగాలు. కింద చెప్పబోయే కార్లకి ఈ తేడా చాలా అవసరం, ఎందుకంటే వాటిలో గేరు రాడ్డు ఒక చోట, గేరు పెట్టె ఇంకో చోట.

ఆ ఏర్పాటుకి పేరు తెచ్చిన కారు లాంచియా ఔరేలియా. 1950లో టురిన్‌లో బయటికి వచ్చింది. ఆ పనిని నడిపించిన ఇంజనీరు విత్తోరియో యానో, అంతకుముందు ఆల్ఫా రోమియోకి రేసు కార్లు చేసిన మనిషి. ఔరేలియాలో ఇంజను ముందుంది. క్లచ్చి, గేర్‌బాక్సు, డిఫరెన్షియల్ మూడూ కలిపి వెనక చక్రాల మధ్య పెట్టారు. ఎందుకు అంటే ఎద్దుబండికి మూటలు సర్దినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ముందు బరువెక్కితే కాడి ఎద్దు మెడ మీద పడుతుంది, వెనక ఎక్కితే కాడి పైకి లేస్తుంది. బరువు రెండు వైపులా సమంగా ఉంటే మలుపులో కారు మాట వింటుంది. 1951 మిల్లె మిల్యా పందెంలో 2 లీటర్ల ఔరేలియా బి20, 4.1 లీటర్ల ఫెరారీ వెనక రెండో స్థానంలో వచ్చింది. అంత చిన్న ఇంజనుతో అది తక్కువ సంగతి కాదు.

అయితే డ్రైవరు కూర్చునేది ముందే కదా. ఔరేలియాలో గేరు రాడ్డు మన ఫియట్‌లో లాగే స్టీరింగ్ పక్కన ఉండేది. అక్కడి నుంచి వెనక్కి ఎన్నో రాడ్లు, కీళ్ళు దాటి చెయ్యి కదలిక పెట్టెకి చేరాలి. వేగంగా నడిపేవాళ్ళకి ఇది నచ్చలేదు. టురిన్‌లోనే ఉన్న ఎన్రికో నార్డి నేల మీద పెట్టుకునే గేరు రాడ్డు కిట్టు అమ్మాడు, అది బాగా పేరు తెచ్చుకుంది. అందుకే ఇవాళ ఏ ఔరేలియా దగ్గరికి వెళ్ళినా, చప్పుడు వినేముందు ఉన్నది ఏ రాడ్డో చూడాలి.

ఫెరారీ ఈ దారి పట్టింది 1964లో, 275 జిటిబి కారుతో. అందులో ఇంజను, వెనక గేర్‌బాక్సు విడివిడిగా చాసిస్‌కి బిగించి, మధ్యలో సన్నటి షాఫ్టు, దానికి ఒక బేరింగు పెట్టారు. వరస కాస్త తప్పితే అదురు మొదలు. 1966లో వచ్చిన 275 జిటిబి/4లో ఇంజన్నీ గేర్‌బాక్సునీ ఒక గట్టి గొట్టంతో కలిపేశారు, షాఫ్టు ఆ గొట్టం లోపల తిరుగుతుంది. మా లెక్కలో ఇది రోగానికి మందు కాదు, రోగం పుట్టే చోటునే తీసెయ్యడం.

ఇక అసలు కథ ఆల్ఫెట్టాది. 1972లో ఆల్ఫా రోమియో తెచ్చిన కారు. 1950, 1951 ప్రపంచ చాంపియన్‌షిప్పులు ఫరీనాకీ ఫాంజియోకీ తెచ్చిపెట్టిన 158, 159 రేసు కార్ల ముద్దుపేరే దీనికీ పెట్టారు. 1974లో దీని మీదే కూపే కూడా వచ్చింది. క్లచ్చి, గేర్‌బాక్సు, డిఫరెన్షియల్ అన్నీ వెనకే. వెనక బ్రేకు డిస్కులు కూడా చక్రాల దగ్గర కాదు, ఆ గేర్‌బాక్సుకి ఆనుకునే ఉంటాయి. ముందు నుంచి వెనక్కి వెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్టు రెండు ముక్కలు. దానికి మూడు రబ్బరు కప్లింగులు, మధ్యలో ఒక బేరింగు.

ఇక్కడే మెకానిక్కులు దారి తప్పుతారు. మామూలు కారులో బండి నిలబడి ఉంటే ప్రొపెల్లర్ షాఫ్టు కూడా నిలబడే ఉంటుంది. కాబట్టి నిలబడిన బండిలో రాడ్డు అదిరితే అనుమానం షాఫ్టు మీదికి పోదు, నేరుగా గేర్‌బాక్సు మీదికి పోతుంది. ఆల్ఫెట్టాలో క్లచ్చి షాఫ్టుకి వెనక ఉంది. ఇంజను నడుస్తున్నంతసేపూ షాఫ్టు ఇంజను వేగంతోనే తిరుగుతుంది, బండి కదలకపోయినా, క్లచ్చి పూర్తిగా తొక్కినా. ఈ ఒక్క సంగతి తెలియక గేర్‌బాక్సు దింపితే, బ్రేకులూ ఇరుసూ అన్నీ విప్పుకుంటూ పోవాలి. పాత కారులో ఒకసారి విప్పినది మళ్ళీ అదే బిగింపుకి రావడం అంత సులువు కాదు. ఖర్చు సంగతి సరేసరి.

మేము చేసే ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఒకసారికి ఒక్కటే మార్చి చూడాలన్నది అక్కడ మొదటి పాఠం, ఇక్కడా అదే పనికొస్తుంది. ముందు ఇంజను ఆపి రాడ్డుని పక్కలకి ఊపి చూడాలి. చేతిలోనే లొడలొడమంటే కింద బుష్షు గానీ, వెనక్కి పోయే పొడుగు రాడ్డు కీలు గానీ అరిగినట్టు. తర్వాత ఇంజను వేసి, న్యూట్రల్‌లో ఉంచి, రాడ్డు మీద చెయ్యి మెల్లగా ఆనించాలి. చప్పుడు ఆగితే అది రాడ్డు దగ్గరే పుడుతున్నట్టు. ఆగకపోతే క్లచ్చి తొక్కాలి. తొక్కగానే పోతే క్లచ్చికి అవతల, అంటే గేర్‌బాక్సు లోపల వెతకాలి. తొక్కినా పోకుండా, యాక్సిలరేటర్‌తో పాటు గరగర పెరుగుతూ పోతే అది షాఫ్టు: రబ్బరు కప్లింగు పగిలి ఉండాలి, లేదా మధ్య బేరింగు పోయి ఉండాలి. రోడ్డు మీద యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా రాడ్డు ముందుకీ వెనక్కీ జరిగితే ఇంజను కిందివో గేర్‌బాక్సు కిందివో రబ్బర్లు మెత్తబడ్డాయి.

చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు కర్రుమనడం ఈ కార్లకి తెలిసిన అలవాటే. దాన్ని ఈ లొడలొడతో కలపకూడదు. ఇంకోటి, తక్కువ తిరిగిన కారు కదా అని రబ్బర్లని నమ్మకూడదు. షెడ్డులో నిలబడి ఉన్నా రబ్బరు ఏళ్ళకి గట్టిపడి బీటలిస్తుంది.

ఆల్ఫెట్టా ఏర్పాటే 1985లో వచ్చిన ఆల్ఫా 75కీ కొనసాగింది. మరుసటి ఏడాది ఆల్ఫా రోమియోని ఫియట్ కొనేసింది. 1992లో 75 స్థానంలో వచ్చిన 155లో ఇంజనూ, గేర్‌బాక్సూ, తిరిగే చక్రాలూ అన్నీ ముందే. వెనక దాకా పోయే రాడ్డుతో ఇక పని లేకపోయింది.