విషాద కవిత్వం: కృష్ణా తీరం

శోకం ప్రధానంగా సాగే పద్యాలనూ పాటలనూ విషాద కవిత్వం అంటారు. ప్రాచీన లాక్షణికులు దీన్ని కరుణరసంలో చేర్చారు. పోయినవారిని తలచుకుని రాసిన దానికి స్మృతికావ్యమనే పేరు ఆధునిక కాలంలో స్థిరపడింది. విజయవాడ నుంచి కంకిపాడు మీదుగా మచిలీపట్నం వెళ్లే బందరు రోడ్డుకు అటూ ఇటూ ఉన్న ఊళ్లు ఈ కవిత్వ చరిత్రలో మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఇక్కడ విషాద పద్యం పుస్తకంలో కంటే గొంతులోనే ఎక్కువ కాలం బతికింది.

13వ శతాబ్దంలో తిక్కన తెనిగించిన భారతంలోని స్త్రీపర్వం, గాంధారి విలాపంతో, ఈ ధోరణికి తొలి గొప్ప ఉదాహరణ. కృష్ణ ఒడ్డుకు సంబంధించినంతవరకు శ్రీనాథుడి చివరి రోజుల చాటువులను మించినవి లేవు. కొండవీటి రెడ్డిరాజుల ఆస్థానంలో విద్యాధికారిగా ఉండి, ప్రౌఢదేవరాయల చేత కనకాభిషేకం పొందిన కవి, ఆదరించిన ప్రభువులంతా పోయాక బొడ్డుపల్లెను గుత్తకు తీసుకుని సాగు చేయించాడని ఐతిహ్యం. పంట కృష్ణ వరద పాలైంది, మిగిలిన నువ్వులు, పెసలు పిట్టల పాలయ్యాయి. ఏడు వందల టంకాలు బాకీపడి, కాళ్లకు సంకెళ్లతో, భుజం మీద నల్లని బండతో నడివీధిలో ఎండకు నిలబడిన తనను తానే చూసుకుంటున్నట్టుంటుంది ఆయనదిగా చెప్పే సీసపద్యం. సీసంలోని నాలుగు పెద్ద పాదాలు పాత వైభవాన్నీ ఇప్పటి దుర్గతినీ పక్కపక్కన నిలబెడతాయి. కింది ఎత్తుగీతిలో లెక్క తేలుతుంది. వరదకు చేను పోగొట్టుకున్న రైతుకు ఈ పద్యాన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. ఇలాంటి చాటువులను సేకరించి ‘చాటుపద్య మణిమంజరి’గా అచ్చువేసిన వేటూరి ప్రభాకరశాస్త్రి (1888–1950) కూడా కృష్ణా జిల్లావారే, ఆయన ఊరు పెదకళ్లేపల్లి.

శ్రీనాథుడి తరువాతి శతాబ్దాలలో కంకంటి పాపరాజు ఉత్తర రామాయణం సీత దుఃఖానికి పేరు పొందింది.

1920ల నుంచి భావకవిత్వంతో శోకం కవి సొంత జీవితంలోకి వచ్చింది. దేవులపల్లి కృష్ణశాస్త్రి ‘కృష్ణపక్షం’ (1925) పేరులోనే చీకటి ఉంది. బెజవాడ పక్కన పటమటలో పుట్టిన బసవరాజు అప్పారావు (1894–1933) దుఃఖాన్ని పద్యంలో కాక, తేలిక మాటల గేయంలో పలికించాడు. ఆయన పోయిన ఐదేళ్లకు ‘మాలపిల్ల’ (1938) సినిమాలో ఆయన పాటలు వినిపించాయి. భార్య రాజ్యలక్ష్మమ్మ ‘అప్పారావుగారూ నేనూ’ అనే పుస్తకంలో ఆయనతో గడిపిన జీవితాన్ని రాశారు. నందమూరులో పుట్టిన విశ్వనాథ సత్యనారాయణ (1895–1976), భార్య మరణం తరువాత ‘వరలక్ష్మీ త్రిశతి’ రాశారు. అంతటి పండితుడు పాండిత్యాన్ని పక్కన పెట్టి ఇంటి మనిషిగా ఏడ్చిన కావ్యమది. ఆయన పాటల్లోని కిన్నెరసాని కూడా భర్తకు దూరమై, ఏడ్చి ఏడ్చి వాగైపోయిన కోడలే.

గుర్రం జాషువా (1895–1971) ‘శ్మశానవాటి’ ఖండిక దారి వేరు. కవీ, రాజూ, కొత్త పెళ్లికూతురూ ఒకే బూడిదగా కలిసే చోటును, బతికుండగా అంటరానితనాన్ని అనుభవించిన కవి వర్ణించాడు. ఆ సమానత్వం ఆయనకు వట్టి వేదాంతం కాదు. బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన హరిశ్చంద్ర నాటకం కాటిసీనులో నటులు జాషువా పద్యాలను చేర్చుకుని పాడసాగారు. హార్మోనియం శ్రుతిలో పద్యం చివర తీసే దీర్ఘమైన రాగానికి ‘వన్స్‌మోర్’ పడేది. అక్షరం రానివారికి కూడా ఆ పద్యాలు నోటికి వచ్చింది అలాగే.

నాటకానికి తోడు గ్రామఫోను వచ్చింది. గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల వెంకటేశ్వరరావు (1922–1974), కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి (1912–1992) రాసిన ‘పుష్పవిలాపం’, ‘కుంతీకుమారి’ పద్యాలను రికార్డులుగా పాడారు. కోయడానికి వచ్చిన మనిషితో పువ్వులు మొరపెట్టుకోవడం, కన్నబిడ్డను ఏట్లో వదిలే కన్య తల్లడిల్లడం ఆ గొంతులో ఇంటింటికీ చేరాయి. రేడియో కూడా వచ్చింది; విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది.

ఇక నాటకం సంగతికొస్తే, పూర్తి నాటకం వేయించే స్తోమత లేని చోట, హరిశ్చంద్రలో కాటిసీను ఒక్కటే విడిగా వేయించుకోవడం డెల్టా ఊళ్లలో అలవాటు.