నేరభయం: లెక్కకెక్కని చరిత్ర

2018 వేసవిలో పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని గద్వాల, వనపర్తి ప్రాంతపు పల్లెల్లో జనం వాకిట్లో మంచాలు వేసుకోవడం మానేశారు. అంత ఎండల్లోనూ పొద్దుగూకగానే తలుపులు బిగించుకొని ఉక్కలోనే పడుకున్నారు. ఈ మార్పును పసిగట్టింది ఊళ్లు తిరిగే కానిస్టేబుళ్లు. పిల్లల్ని ఎత్తుకుపోయే 'పార్థీ గ్యాంగు' దిగిందన్న వాట్సాప్ పుకారే దీనికి కారణం.

1953 సంవత్సరంతో మొదలైన 'క్రైమ్ ఇన్ ఇండియా' నివేదికలు ఠాణాలో నమోదైన కేసులనే లెక్కిస్తాయి. భయం వాటిలోకి రాదు. 1982లో ప్రారంభమైన బ్రిటిష్ క్రైమ్ సర్వే, చీకటిపడ్డాక ఒంటరిగా నడవడం ఎంత భద్రమనిపిస్తుందని జనాన్నే అడిగింది. మంచి ప్రశ్నే. కాని గద్వాల పల్లెలో మంచం ఎక్కడ వేశారన్నది అంతకన్నా నిక్కమైన కొలత.

భయానికీ రిజిస్టరుకూ పొంతన లేకపోవడం మనకు కొత్త కాదు. నాటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో విసునూరు దేశముఖ్ ఏలిన ఊళ్లలో వెట్టీ, బేదఖళ్లూ, దెబ్బలూ నిత్యకృత్యం. పోలీసు పటేలే దొర మనిషైతే ఫిర్యాదు ఎవరికి చేసుకోవాలి? 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగింది ఆ దొర మనుషుల తుపాకులకే. గడీ ముందు నడవడానికే జంకిన ఆ మనుషుల భయాన్ని ఏ అమీనూ రాసిపెట్టలేదు. వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి', దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' దాన్ని మనకు దక్కించాయి. సాహిత్య విద్యార్థులు ఈ నవలలను ఆ కోణం నుంచి కూడా చదవాలి.

నాటి భయం బలవంతుడి నుంచి పుట్టింది. 2018 నాటి భయం మాత్రం దిక్కులేని బాటసారి మీదికి మళ్లింది. ఈ మళ్లింపు వెనక ఒక చట్టం ఉంది. బ్రిటిష్ పాలకులు 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టం కొన్ని సంచార జాతులను పుట్టుకతోనే దొంగలుగా ముద్రవేసింది. వేటతో బతికిన పార్ధీలు ఆ జాబితాకెక్కారు. 1952లో చట్టం పోయింది, పేరు మీది మచ్చ పోలేదు. పుకారు పుట్టించినవాడికి ఆ పేరు సిద్ధంగా దొరికింది.

ఆ మే నెలలోనే పాత నల్లగొండ జిల్లా బీబీనగర్ మండలంలో, బంధువుల ఊరికొచ్చిన ఒక ఆటో డ్రైవరును దొంగనుకొని కొట్టి చంపారు. ముఠా ఎక్కడా దొరకలేదు గాని, దాని భయం చేసిన హత్య మాత్రం కేసుగా నమోదయింది.

గద్వాల, వనపర్తి పల్లెలకు అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి డప్పునూ పాటనూ పంపించారు. ఒకనాడు దొర హుకుం చాటిన డప్పే, ఈసారి ఆ ముఠా మాట అబద్ధమని చాటింది. ఆ రెండు జిల్లాల్లో ఈ పుకారుకు ఒక్క ప్రాణమూ పోలేదు.