దైవ సంరక్షణ సిద్ధాంతము, టీకా: నెదర్లాండ్స్ సంఘ చరిత్ర నుండి ఒక పరిశీలన

నెదర్లాండ్స్ దేశంలో నైరుతి నుండి ఈశాన్యం వరకు సాగే ఒక ప్రాంతాన్ని "బైబిలు పట్టీ" అంటారు. కఠినమైన కాల్విను సంప్రదాయానికి చెందిన విశ్వాసులు అక్కడ ఎక్కువగా నివసిస్తారు. దేశమంతటా అత్యధిక శాతం పిల్లలకు టీకాలు అందుతున్నా, ఈ ప్రాంతంలో తట్టువ్యాధి పలుమార్లు ప్రబలింది. 1999-2000లో సుమారు 3,300 కేసులు నమోదై ముగ్గురు మరణించారు. 2013-14లో సుమారు 2,700 కేసులు నమోదయ్యాయి, ఒకరు మరణించారు.

దీని వేరులు 19వ శతాబ్దంలో ఉన్నాయి. యూదు కుటుంబంలో పుట్టిన వైద్యుడు అబ్రహాం కపడోసే 1822లో బాప్తిస్మం పొందాడు. మరుసటి సంవత్సరం మశూచి టీకాను ఖండిస్తూ ఒక గ్రంథం ప్రచురించాడు. ఆరోగ్యం, వ్యాధి దేవుని చేతిలో ఉన్నాయి గనుక, టీకా వేయించుకోవడం దేవుని సంరక్షణలో జోక్యం చేసుకోవడమేనని అతని వాదన. ఆరోగ్యవంతులకు వైద్యుని అవసరం లేదన్న ప్రభువు మాటను (మత్తయి 9:12) ఈ పక్షంవారు ఆధారంగా చూపుతారు. అయితే ఆ వచన సందర్భం వేరు. సుంకరులతో, పాపులతో భోజనానికి కూర్చున్నందుకు తప్పుపట్టిన పరిసయ్యులకు ప్రభువు ఇచ్చిన జవాబు అది.

అదే సంప్రదాయంలోని ఇతరులు, టీకాను దేవుడిచ్చిన సాధనంగా ఎంచి కృతజ్ఞతతో స్వీకరించారు. ఇరుపక్షాలకూ ఆధారం ఒకే సిద్ధాంతం. 2012 నాటి అధ్యయనాల ప్రకారం, ఈ విశ్వాసులలో సగానికి పైగా టీకాలు వేయించుకున్నవారే. కాని ఏ శాఖ అన్నదానిని బట్టి ఆ శాతం 25 కంటే తక్కువ నుండి 85 కంటే ఎక్కువ వరకు ఉంది. కాపరులలో కొందరు టీకాను వ్యతిరేకించి బోధించారు. మరికొందరు ఆ నిర్ణయాన్ని విశ్వాసుల మనస్సాక్షికే విడిచిపెట్టారు.

తట్టును అరికట్టాలంటే సమాజంలో దాదాపు 95 శాతం మందికి రక్షణ ఉండాలి. టీకా లేనివారు ఒకే ఆలయంలో ఆరాధించి, పిల్లలను ఒకే పాఠశాలకు పంపుతున్నప్పుడు దేశపు సగటు వారిని కాపాడలేదు. సంఘ సహవాసమే వ్యాధికి మార్గమైంది. ఆ మార్గం సముద్రం కూడా దాటింది. 2014లో కెనడాలోని ఫ్రేజర్ లోయలో, ఇదే సంప్రదాయానికి చెందిన సమాజంలో 400కు పైగా కేసులు వచ్చాయి.

ఈ చరిత్ర కాపరులకు ఒక హెచ్చరిక. దైవ సంరక్షణను గూర్చి ప్రసంగించేటప్పుడు, దేవుడు సాధనాల ద్వారా కూడా కాపాడతాడని చెప్పకుండా విడిచిపెడితే, ఆ లోటు తరతరాలు నిలుస్తుంది. దాని భారం నిర్ణయం తీసుకోలేని పసిబిడ్డలపై పడుతుంది. బిడ్డను ఎత్తుకొని వచ్చి "టీకా వేయిస్తే అవిశ్వాసమా, అయ్యగారూ?" అని అడిగే తల్లికి మనం స్పష్టమైన జవాబు సిద్ధపరచుకోవాలి.