యుద్ధభూమి నుంచి కుందేళ్ల పొలానికి: గాలి నింపిన రైఫిల్‌ చరిత్ర

ఇంగ్లండ్‌లో పైరును కొరికే కుందేళ్లను, ధాన్యపు కొట్లలో చేరే ఎలుకలను అదుపు చేయడానికి రైతులు ఈనాడు వాడుతున్న, ముందే గాలి నింపిన రైఫిల్‌ పుట్టుకతో వ్యవసాయ పనిముట్టు కాదు. అది మొదట రాజుల వినోద వస్తువుగాను, పిమ్మట ఆస్ట్రియా సైన్యపు ఆయుధంగాను, ఆపైన చేతికర్రలో దాగిన తుపాకిగాను మెలగి, ఇరవయ్యో శతాబ్దం ఎనభయ్యో పడిలో గాని పొలం గట్టుకు చేరలేదు. ఈ సుదీర్ఘ చరిత్రలో దాని గుండు ఎంత దూరం పోతుందన్న ప్రశ్న కంటే, దానిలోకి గాలి ఎక్కించడం ఎంత కష్టమన్న ప్రశ్నే ప్రతి మలుపులోనూ దాని గతిని నిర్ణయించింది. నేటి రైతు అటువంటి రైఫిల్‌ను ఎంచుకునేటప్పుడు చూసుకునే లక్షణాలలో చాలా భాగం ఆ పాత కష్టానికి ఒక్కొక్క కాలం వెదికిన పరిష్కారాలే.

పొలాలలో వాడే గాలి తుపాకులు స్థూలంగా రెండు రకాలు. మొదటి రకంలో ఒక బలమైన స్ప్రింగును బిగించి ఉంచితే, మీట నొక్కగానే అది పిస్టన్‌ను ముందుకు తోసి అప్పటికప్పుడు గాలిని నొక్కుతుంది. ఆ ఒత్తిడికి పెల్లెట్‌, అంటే నడుము సన్నగా ఉండే చిన్న సీసపు గుళిక, గొట్టంలోంచి దూసుకుపోతుంది. రెండో రకంలో ఒత్తిడి గాలిని ముందుగానే ఒక లోహపు సిలిండర్‌లో నింపి ఉంచుతారు. మీట నొక్కినప్పుడల్లా లోపలి సుత్తి వంటి భాగం కవాటాన్ని రెప్పపాటు కంటే తక్కువ సేపు తెరుస్తుంది, ఒక మోతాదు గాలి మాత్రం బయటికి వచ్చి గుళికను తోస్తుంది. ప్రీచార్జ్‌డ్‌ న్యూమాటిక్‌, క్లుప్తంగా పీసీపీ, అని వ్యవహరించేది ఈ రెండో రకాన్నే. చూపుకు ఇది సరికొత్త యంత్రంలా ఉన్నా, పిస్టన్‌తో పనిచేసే ఉక్కు స్ప్రింగు రైఫిల్‌ కంటే వయసులో ఇదే పెద్దది.

మిగిలి ఉన్న గాలి తుపాకులలో అతి పాతదిగా చెప్పేది స్టాక్‌హోమ్‌లోని రాజాయుధశాల మ్యూజియంలో ఉంది. సుమారు 1580 నాటి ఆ తుపాకి కొలిమితిత్తి సూత్రంపై పనిచేసేది. ముందే నొక్కిపెట్టిన గాలితో పేల్చే తుపాకిని పదిహేడో శతాబ్దపు తొలి సంవత్సరాలలో నార్మండీలోని లిజియో పట్టణానికి చెందిన చిత్రకారుడు, నిపుణ శిల్పి మారఁ బూర్జ్వా తయారుచేసి ఫ్రాన్స్‌ రాజు నాలుగో హెన్రీకి చూపించాడు. ఆ శతాబ్దం మధ్యలో మాగ్డెబర్గ్‌కు చెందిన ఆటో ఫాన్‌ గెరికె వాయు పంపును నిర్మించడంతో, గాలిని ఒక పాత్రలోంచి లాగడం, నొక్కి నింపడం వంటివి ప్రయోగశాలల పనిగా మారాయి. అయినా, ఒత్తిడిని తట్టుకునే పాత్రనూ, చుక్క గాలి కారనీయని కవాటాన్నీ చేతితో చేయగలిగిన పనివాళ్లు చాలా తక్కువ కావడం వల్ల, గాలి తుపాకి వందేళ్లకు పైగా ధనికుల వేటసామగ్రిగానే మిగిలింది.

ఆ పరిధిని దాటించినవాడు టైరోల్‌ ప్రాంతపు గడియారాల, తుపాకుల పనివాడు బార్తొలొమెయో జిరాండోని. 1780 ప్రాంతంలో ఆస్ట్రియా సైన్యం స్వీకరించిన అతని రైఫిల్‌లో, భుజానికి ఆనించే వెనుక భాగమే గాలి సీసా. ఇనుప రేకుతో చేసి తోలు తొడుగు వేసిన ఆ సీసాను మర తిప్పి ఊడదీసి, ఖాళీ అయినప్పుడు నిండినదాన్ని బిగించుకోవచ్చు. గొట్టం పక్కన అంటిపెట్టిన సన్నని నాళంలో సుమారు 20 సీసపు గుండ్లు వరుసగా నిలిచేవి. సైనికుడు రైఫిల్‌ మూతిని పైకెత్తి, గొట్టం మొదట్లో అడ్డంగా ఉన్న చిన్న దిమ్మెను బొటనవేలితో పక్కకు నెడితే, ఒక గుండు దొర్లుకుంటూ దిమ్మెలోని రంధ్రంలో పడేది. వేలు తీయగానే స్ప్రింగు ఆ దిమ్మెను మళ్లీ గొట్టానికి ఎదురుగా తెచ్చేది. సాధారణ సైనికుడు లేచి నిలబడి, మందు దట్టించి, గుండు వేసి, కడ్డీతో కూరి పేల్చే ఆ రోజుల్లో, జిరాండోని రైఫిల్‌ పట్టినవాడు నేల మీద పడుకునే, పొగా నిప్పూ కనబడకుండా, ఒక్కొక్క గుండుకు క్షణాలే తీసుకుంటూ ఇరవై సార్లు పేల్చగలిగేవాడు.

ఇంతటి ఆయుధాన్ని ఓడించింది శత్రువు కాదు, పంపు. ఒక సీసా నిండడానికి చేతిపంపును దాదాపు 1,500 సార్లు నొక్కవలసి వచ్చేది. నిండిన సీసాలోని ఒత్తిడి చదరపు అంగుళానికి దాదాపు 800 పౌన్లు, అంటే వాతావరణపు ఒత్తిడికి సుమారు 55 రెట్లు. అది సుమారు ముప్ఫై గుండ్లకు సరిపోయేది గాని, ఒక్కొక్క గుండుకూ ఒత్తిడి తగ్గుతూ రావడంతో చివరి గుండ్లలో వేగం పడిపోయేది. కవాటపు తోలు బిళ్ల ఎండిపోతే గాలి కారేది. సీసా అతుకు పగిలితే యుద్ధరంగంలో బాగుచేసే పనివాడు దొరికేవాడు కాదు. ఆస్ట్రియా సైన్యం 19వ శతాబ్దపు తొలి దశకాలలోనే దానిని పక్కన పెట్టింది. అమెరికాలో మెరీవెదర్‌ లూయిస్‌, విలియం క్లార్క్‌ల అన్వేషక బృందం 1803లో వెంట తీసుకువెళ్లిన గాలి రైఫిల్‌ ఈ జాతిదేనని చరిత్రకారులలో పలువురి అభిప్రాయం. ఆ ఏడాది ఆగస్టు 30న పిట్స్‌బర్గ్‌ దగ్గరి దీవిలో దానిని ప్రదర్శించినప్పుడు, అలవాటు లేని చేతిలో అది పేలి, దూరంగా ఉన్న ఒక స్త్రీ తలకు గుండు రాసుకుపోయిందని లూయిస్‌ తన దినచర్యలో రాసుకున్నాడు. చప్పుడు తక్కువైనంత మాత్రాన గాలి తుపాకి ఆటవస్తువు కాదన్న పాఠం అంత పాతది.

సైన్యం విడిచిన ఈ పద్ధతి 19వ శతాబ్దపు బ్రిటన్‌లో చేతికర్ర తుపాకిగా బతికింది. చూపుకు మామూలు ఊతకర్రలా ఉండే దాని పైభాగం గాలి సీసా, కిందిభాగం గొట్టం. పెద్దమనుషులు షికారుకు వెళ్తూ పిట్టలనూ కుందేళ్లనూ కొట్టడానికి దానిని వాడేవారు. చప్పుడు లేకుండా దాచుకుపోగలిగే వస్తువు కావడంతో దొంగవేటగాళ్ల తుపాకి అన్న అపకీర్తీ దానికి అంటుకుంది. ఆ కాలంలో వేట హక్కును సాధారణంగా భూస్వామే తన దగ్గర ఉంచుకునేవాడు. కౌలురైతు తన పైరును తింటున్న కుందేలును చంపాలన్నా కౌలు ఒప్పందం అడ్డొచ్చేది. 1880 నాటి గ్రౌండ్‌ గేమ్‌ చట్టం మొదటిసారిగా, సాగుచేసేవాడు తన నేలపై హేర్ జాతి కుందేళ్లనూ మామూలు కుందేళ్లనూ పట్టుకునే హక్కును ఏ ఒప్పందంతోనూ వదులుకోలేని హక్కుగా మార్చింది. అయితే తుపాకి వాడే అనుమతిని రైతుకూ, అతడు రాతపూర్వకంగా నియమించిన మరొక్కరికీ మాత్రమే పరిమితం చేసింది. కీటక నియంత్రణ, ఎలుకల నియంత్రణ అన్నట్టుగా కుందేళ్ల నియంత్రణ కూడా సేద్యపు పనులలో ఒకటిగా చట్టం గుర్తింపు పొందడం ఇక్కడ మొదలైంది.

ఆ హక్కుకు తగిన చౌకైన తుపాకిని ముందు అందించింది పీసీపీ కాదు, స్ప్రింగు రైఫిల్‌. బర్మింగ్‌హామ్‌కు చెందిన లింకన్‌ జెఫ్రీస్‌ రూపకల్పనతో బీఎస్‌ఏ సంస్థ 1905 నుంచి తయారుచేసిన రైఫిళ్లు పంపు అవసరమే లేకుండా చేశాయి. ఒక లాగు, ఒక గుండు. కాని స్ప్రింగుకు ఒక లోపం ఉంది. గుళిక గొట్టం దాటకముందే బరువైన పిస్టన్‌ ముందుకు దూకి ఆగడం వల్ల రైఫిల్‌ వెనక్కీ ముందుకీ అదురుతుంది. పట్టు మారితే గుండు పడే చోటు మారుతుంది. గురిపందెంలో అది ఒక పాయింటు నష్టం మాత్రమే. పొలంలో అది గాయపడి పొదలోకి పాకిపోయే జంతువు.

ఈలోగా రైతు అవసరమూ మారింది. 1953లో ఇంగ్లండ్‌లోని కెంట్‌ ప్రాంతంలో బయటపడిన మిక్సొమటోసిస్‌ అనే వైరస్‌ వ్యాధి కొద్ది సంవత్సరాలలోనే ఆ దేశపు కుందేళ్లలో అత్యధిక భాగాన్ని తుడిచిపెట్టింది. మిగిలినవి మళ్లీ పెరగకుండా 1954 నాటి పెస్ట్స్‌ చట్టం సాగుదార్లపై కుందేళ్లను అదుపు చేసే బాధ్యతను మోపింది. జంతువు కాలిని పళ్లతో పట్టి గంటల తరబడి హింసించే గిన్‌ ట్రాప్‌ అనే ఇనుప బోనును 1958 నుంచి నిషేధించింది. అదుపు చేయడం తప్పనిసరి, హింసించడం నిషిద్ధం అన్న ఈ రెండు షరతుల మధ్య, ఒక్క దెబ్బతో జంతువును చంపగల, చప్పుడు తక్కువైన ఆయుధానికి చోటు ఏర్పడింది.

ఆ ఆయుధానికి శక్తి హద్దును 1968 నాటి ఫైర్‌ఆర్మ్స్‌ చట్టం కింద 1969లో వచ్చిన నియమాలు గీశాయి. గొట్టం మూతి దగ్గర గుళిక శక్తి 12 అడుగు-పౌన్లు, అంటే సుమారు 16.3 జౌళ్లు, దాటిన గాలి రైఫిల్‌కు ఫైర్‌ఆర్మ్‌ సర్టిఫికెట్‌ తప్పనిసరి. దానికి లోబడినదానికి ఇంగ్లండ్‌లో అక్కరలేదు. స్కాట్లాండ్‌ మాత్రం 2016 డిసెంబరు 31 నుంచి ఈ తక్కువ శక్తి రైఫిళ్లకూ లైసెన్సు విధించింది. శక్తికి పైకప్పు పడటంతో తయారీదార్ల పోటీ బలం నుంచి నిలకడ వైపు మళ్లింది. స్టాఫర్డ్‌షైర్‌లో జంతువులకు మత్తుసూది వేసే తుపాకులతో మొదలైన డేస్టేట్‌ సంస్థ, 1980లలో హంట్స్‌మన్‌ పేరుతో పీసీపీ రైఫిల్‌ను మార్కెట్‌కు తెచ్చింది. జిరాండోని కాలంలో లేని ఒక వస్తువు అప్పటికి ఊరూరా దొరుకుతోంది: నీటి అడుగున ఈదేవాళ్ల గాలి సిలిండర్‌. 232 లేదా 300 బార్ల ఒత్తిడి నిండిన ఆ సిలిండర్‌కు రైఫిల్‌ను తగిలించి మర తిప్పితే, నిమిషం రెండు నిమిషాలలో సుమారు 200 బార్ల గాలి ఎక్కుతుంది. (ఒక బార్‌ ఇంచుమించు ఒక వాతావరణపు ఒత్తిడి.) తరువాత వచ్చిన మూడంచెల చేతిపంపులు, చిన్న విద్యుత్‌ కంప్రెసర్లు సిలిండర్‌ కొనలేని రైతుకూ దారి చూపాయి.

పడిపోయే ఒత్తిడి అనే రెండో పాత సమస్య రెగ్యులేటర్‌తో తీరింది. రెగ్యులేటర్‌ లేని రైఫిల్‌లో సిలిండర్‌ పూర్తిగా నిండినప్పుడు ఆ ఒత్తిడే కవాటాన్ని మూసి పట్టుకోవడంతో మొదటి గుళికలు కొంత నెమ్మదిగా పోతాయి. ఒత్తిడి తగ్గిన కొద్దీ వేగం పెరిగి, కొంతసేపు నిలిచి, మళ్లీ పడిపోతుంది. రెగ్యులేటర్‌ పెద్ద సిలిండర్‌కూ కవాటానికీ నడుమ ఒక చిన్న గదిలో ఎప్పుడూ ఒకే ఒత్తిడిని నిలుపుతుంది గనుక, నిండు సిలిండర్‌లోని పదో గుళికా నలభయ్యో గుళికా దాదాపు ఒకే వేగంతో బయలుదేరుతాయి. స్ప్రింగు అదురు లేకపోవడం, వేగం మారకపోవడం కలిసి, మధ్యస్థమైన షూటర్‌ చేతిలో కూడా గుళికలు ఒకే చోట పడేలా చేశాయి. కుందేలు విషయంలో ఇది కీలకం; ఈ శక్తి గల గుళిక వెంటనే చంపాలంటే కన్నుకూ చెవికీ మధ్య, రూపాయి నాణెం కంటే కాస్త పెద్దదైన చోటునే తగలాలి, సాధారణంగా 30 నుంచి 35 మీటర్ల లోపే కాల్చాలి.

బోరు, అంటే గొట్టం లోపలి వ్యాసం, గురించిన పాత తగవు కూడా ఈ హద్దుల మధ్యే అర్థవంతమవుతుంది. సుమారు అర గ్రాము బరువుండే 4.5 మిల్లీమీటర్ల గుళిక సెకనుకు దాదాపు 240 మీటర్ల వేగం అందుకుంటే, దానికి రెట్టింపు బరువుండే 5.5 మిల్లీమీటర్ల గుళిక అదే శక్తితో సెకనుకు 170 మీటర్ల దరిదాపు వేగమే అందుకుంటుంది. మొదటిది చదునుగా పోతుంది గనుక దూరం అంచనాలో చిన్న పొరపాటును క్షమిస్తుంది. రెండోది వంగి పోతుంది గాని తగిలిన చోట ఎక్కువ పని చేస్తుంది. పొలం గట్టున దూరాలు మారే కుందేళ్ల వేటకు కొందరు మొదటిదాన్ని, కొట్టంలో పది పదిహేను మీటర్లలో కదిలే ఎలుకలకు కొందరు రెండోదాన్ని మెచ్చుకుంటారు. కొట్టంలో పైకప్పు రేకుకూ పశువులకూ తగలకుండా గుళికను ఆపే మట్టిగోడో గడ్డిమోపో వెనుక ఉందా లేదా అన్నది బోరు కంటే ముందు చూడవలసిన విషయం.

రైఫిల్‌ ఎంత చట్టబద్ధమైనా దేనిపై ఎక్కుపెట్టవచ్చన్నది మరో చట్టం చెబుతుంది. ఇంగ్లండ్‌లో ఆవజాతి నూనెపంటను తినే అడవి పావురాలనూ కాకులనూ రైతులు జనరల్‌ లైసెన్సు అనే ఉమ్మడి అనుమతి కింద కాల్చేవారు. 2019 ఏప్రిల్‌లో ఒక న్యాయ సవాలు తరువాత నేచురల్‌ ఇంగ్లండ్‌ సంస్థ ఆ లైసెన్సులను రద్దుచేసి, కొత్త షరతులతో మళ్లీ జారీ చేయవలసి వచ్చింది. తెలుగు నేలపై ఈ వ్యత్యాసం మరింత స్పష్టం. జొన్నచేలో మంచె మీద నిలబడి వడిసెల తిప్పుతూ, డబ్బా వాయిస్తూ పిట్టలను తోలడం ఇక్కడి కాపలా పద్ధతి. అది చంపడం కాదు, తరమడం. 2016 నాటి భారత ఆయుధ నియమాలు 20 జౌళ్లకు, 4.5 మిల్లీమీటర్ల బోరుకు లోబడిన గాలి రైఫిల్‌ను లైసెన్సు నుంచి మినహాయించినా, రామచిలుక, నెమలి, అడవిపంది వంటివి వన్యప్రాణి సంరక్షణ చట్టపు జాబితాలలో ఉన్నాయి; 2022 సవరణ హానికర జంతువుల ప్రత్యేక జాబితానే ఎత్తివేసింది. ఇక్కడ లైసెన్సు అక్కరలేని రైఫిల్‌ ఉన్నంత మాత్రాన పిట్టను కాల్చే హక్కు రాదు.

ఈ చరిత్ర దృష్ట్యా, గాలి రైఫిల్‌ ఎంపికలో బలానికి ఇచ్చే ప్రాధాన్యం తప్పుడు చోట పడుతున్నట్టే. బలానికి హద్దును చట్టం ముందే గీసింది. జంతువును బాధపడకుండా చంపేది నిలకడ గాని అదనపు శక్తి కాదు. కాబట్టి సిలిండర్‌ను ఎవరు, ఎక్కడ, దేనితో నింపుతారు, ఒక నింపుకు ఎన్ని గుళికలు ఒకే వేగంతో పోతాయి, కవాటపు బిళ్లలు చెడితే మార్చే పనివాడు దగ్గరలో ఉన్నాడా అన్నవే ముందు తేల్చుకోవలసిన ప్రశ్నలు. ఆస్ట్రియా సైన్యం వాటికి సమాధానం దొరకకనే తన కాలంలోకెల్లా వేగమైన రైఫిల్‌ను వదులుకుంది.